ఓనరు అమెరికాలో, అద్దెవాళ్లు బెజవాడలో: మధ్యలో ఇల్లు చూసుకునేవాళ్లకి కొన్ని మాటలు

విజయవాడలో చాలా ఇళ్లకి కట్టించినవాళ్లు ఒకచోట, ఉండేవాళ్లు ఒకచోట. ఓనర్లు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిపోయి ఉంటారు, కాకపోతే హైదరాబాద్‌లో ఉంటారు. తాళంచెవులు మాత్రం ఇక్కడే ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి. తమ్ముడి దగ్గరో, రిటైరైన బావగారి దగ్గరో, ఎదురింటి మాస్టారి దగ్గరో. నాలాగా నెలకింత అని తీసుకుని ఇదే పనిగా చేసేవాళ్లూ ఉన్నారు. పటమట, మొగల్రాజపురం, సత్యనారాయణపురం, సింగ్‌నగర్, ఈ నాలుగు చోట్లా నేను చూసే వాటాలున్నాయి. కొత్తగా దిగినవాళ్లు నన్ను మేడం అంటారు. నాలుగు నెలలయ్యేసరికి పిన్నిగారు అంటారు. మోటారు కాలిపోయిన రోజు మాత్రం ‘మీతో ఎందుకండీ, ఓనరుగారి నంబరివ్వండి’ అంటారు.

ఆ నంబరు నేను మొదటిరోజే ఇచ్చేస్తాను. చాలామంది మేనేజర్లు దాచిపెడతారు, అక్కడే తేడా వస్తుంది. ఓనరుతో ‘వాళ్లే విరగ్గొట్టారండీ’ అని, వీళ్లతో ‘ఏం చెయ్యనమ్మా, ఓనరు రూపాయి విదల్చడు’ అని చెప్పి నెట్టుకొచ్చే పద్ధతి ఒకటుంది. వాట్సాప్ ఉన్న రోజుల్లో అది ఎంతోకాలం నిలవదు. ఏదో ఒకరోజు వాళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారు. ఆ తర్వాత మన మాటకి రెండువైపులా విలువ పోతుంది. ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఇదే: ఓనరుకి ఏం చెప్పారో అద్దెవాళ్లకీ అదే చెప్పండి. కింద రాసినవన్నీ దాన్నుంచి వచ్చినవే.

ముందు ఓనరుతో కూర్చోండి

అద్దెవాళ్లతో మంచిగా ఉండటం అద్దెవాళ్లు రాకముందే మొదలవుతుంది. ఓనరుతో కొన్ని సంగతులు తేల్చుకోకుండా టులెట్ బోర్డు కట్టొద్దు.

మొదటిది, అడగకుండా ఎంత ఖర్చు పెట్టొచ్చు. మే నెలలో పొద్దున పదకొండింటికి మోటారు ఆగిపోతే అమెరికాలో అర్ధరాత్రి. ఆయన లేచి ‘ఓకే’ పెట్టేసరికి ఇక్కడ రాత్రవుతుంది, ట్యాంకులో చుక్క ఉండదు. నాకు ఓనర్లందరి దగ్గరా మూడువేల దాకా ముందస్తు అనుమతి ఉంది. ఖర్చు పెట్టి, బిల్లు ఫొటో, పాడైన సామాను ఫొటో అదే రోజు పంపిస్తాను. ఇది ఒప్పుకోని ఓనరు ఇల్లు నేను తీసుకోను. ఆ ఇంట్లో అద్దెవాళ్ల తిట్లన్నీ నాకే పడతాయి కాబట్టి.

రెండోది, ప్లంబర్ దగ్గర, ఎలక్ట్రీషియన్ దగ్గర కమీషన్. ఊళ్లో ఇది మామూలే, నాకు తెలుసు. కానీ ఎనిమిది వందల పనికి పన్నెండు వందల బిల్లు వేయించిన రోజున ఆ ప్లంబరే ఎక్కడో ఒకచోట వాగుతాడు. మీ జీతం సరిపోకపోతే ఓనరునే పెంచమని అడగండి.

మూడోది, ఎవరికి ఇస్తారు, ఎవరికి ఇవ్వరు అన్నది. కుక్క, బ్యాచిలర్లు, ఏసీ పెట్టుకోవడం, గోడకి డ్రిల్లింగ్, ఇలాంటివి ముందే అడిగి రాసుకోండి. ఫోన్ చేసినవాళ్లకి ఫోన్లోనే చెప్పేయండి. ఎండలో వచ్చి, ఇల్లంతా చూసి, నచ్చాక కాదంటే ఎవరికైనా మండుతుంది. ఇక ‘మీరేంటండీ’ అని కులం అడగడం. నేను అడగను, అడిగిపెట్టమనే ఓనరుకి అడిగిపెట్టను కూడా. అద్దె టైముకి వస్తుందా లేదా అన్నది కులాన్ని బట్టి తెలియదని ఇన్నేళ్ల లెక్కల పుస్తకం చూస్తే నాకు తెలుస్తూనే ఉంది.

ఇంటి లోపాలు మీరే చెప్పండి

ఇల్లు చూపించేటప్పుడు బాగున్నవి వాళ్లకి కనిపిస్తూనే ఉంటాయి. కనిపించనివి చెప్పండి. పై అంతస్తు అయితే మే నెలలో స్లాబు వేడి రాత్రి పదింటిదాకా దిగదు. పడమటి గదిలో మధ్యాహ్నం పడుకోలేరు. మున్సిపల్ కుళాయి ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయా లేదా, వానాకాలంలో ఏ గోడకి చెమ్మ ఎక్కుతుంది, కారు లోపల పెట్టుకోవచ్చా రోడ్డు మీద పెట్టుకోవాలా, ఇవన్నీ అడ్వాన్సు తీసుకోకముందు చెప్పాల్సినవి. ఇలా చెబితే ఇద్దరు ముగ్గురు వెనక్కి పోతారు. పోనివ్వండి. ఉండేవాళ్లు తెలిసి దిగుతారు, చెమ్మ ఎక్కినప్పుడు ‘మోసం చేశారు’ అనరు, ‘పిన్నిగారూ, మీరు చెప్పిన గోడే’ అంటారు.

దిగే రోజున ఫోన్ పట్టుకుని ఇల్లంతా వీడియో తీయండి. కుళాయిలు తిప్పి, ఫ్యాన్లు వేసి, కమోడ్ ఫ్లష్ చేసి, తలుపు గడియలు పెట్టి చూపించి, కరెంటు మీటరు రీడింగ్‌తో ముగించండి. ఆ వీడియో ఓనరుకీ అద్దెవాళ్లకీ ఒకేసారి పంపండి. మూడేళ్ల తర్వాత అడ్వాన్సు తిరిగిచ్చే రోజున సింకు పక్కన ఆ పగులు ముందే ఉందా లేదా అన్న గొడవ రాదు.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకని కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది, అందుకే అందరూ పదకొండు దగ్గర ఆపుతారు. వివరంగా చెప్పండి, లేకపోతే పదకొండు నెలలకి పంపించేస్తారేమోనని వాళ్లకి లోపల టెన్షన్. అడ్వాన్సు మన దగ్గర రెండు నెలలో మూడు నెలలో అడుగుతారు. కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ అద్దె చట్టంలో ఇంటికి రెండు నెలలకి మించకూడదని ఉంది. అది రాష్ట్రాలకి నమూనా మాత్రమే, కానీ నేను రెండు దగ్గరే ఉంటాను. అదే చట్టంలో ‘ప్రాపర్టీ మేనేజర్’ చేయాల్సిన పనులు కూడా రాశారు. అద్దె తీసుకుని రసీదు ఇవ్వడం, ఓనరు తరఫున రిపేర్లు చేయించడం, అప్పుడప్పుడు ఇల్లు చూసి రావడం. మనం ఎవరం అని అడిగేవాళ్లకి చూపించుకోవచ్చు.

పన్నుల సంగతి కూడా అగ్రిమెంటు రోజే. ఉద్యోగస్తులు ఆఫీసులో హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) కోసం అద్దె రసీదులు అడుగుతారు, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కావాలి. కొందరు ఓనర్లు అది ఇవ్వడానికి నసుగుతారు. ఎన్నారై ఓనరైతే అద్దె కట్టేవాళ్లే టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాలి, అది ఇంకో తలనొప్పి. ఆడిటర్‌ని ఒకసారి ముందే అడిగి ఇద్దరికీ చెప్పేస్తే, ఆఫీసులు ఆ రసీదులు అడిగే జనవరిలో ఫోన్లు తగ్గుతాయి.

కరెంటు మీటరు: సగం గొడవలు ఇక్కడే

సత్యనారాయణపురం లాంటి పాత పేటల్లో రెండు వాటాలకి ఒకే మీటరున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. లోపల ఒక సబ్‌మీటరు పెట్టి, వచ్చిన బిల్లుని యూనిట్ల లెక్కన పంచేస్తారు. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. కాదు. లెక్క వేసి చూపిస్తాను.

మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకి 2022 నుంచి ఉన్న స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90 రూపాయలు, అక్కణ్ణుంచి 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ముందు వాటావాళ్లకి ఏసీ ఉంది, నెలకి 220 యూనిట్లు కాల్చారు. వెనక వాటాలో ఇద్దరే ముసలివాళ్లు, 80 యూనిట్లు. వేర్వేరు మీటర్లుంటే ముందువాళ్లకి 987 రూపాయలు, వెనకవాళ్లకి 214.50. ఇది ఎనర్జీ చార్జీ మాత్రమే, మిగతా చార్జీలు వేరే. ఇప్పుడు రెండూ కలిసి ఒకే మీటరు మీద 300 అయ్యాయి. బిల్లు 1,673. యూనిట్ల లెక్కన పంచితే వెనకవాళ్ల వాటా 446 అవుతుంది. వాళ్లు ఏ తప్పూ చేయలేదు, పక్కింటి ఏసీ వల్ల రెట్టింపు కంటే ఎక్కువ కడుతున్నారు. వాళ్లు స్లాబుల గురించి చెప్పలేకపోవచ్చు. ‘మేం రెండు ఫ్యాన్లే కదమ్మా వేసుకునేది’ అని మాత్రం ప్రతి నెలా అంటారు, వాళ్లన్నదే నిజం.

ఇలాంటి ఇంట్లో నేను ఒక కాగితం మీద ఈ లెక్క వేసి ఓనరుకి పంపించాను. ఎవరి మీటరు వాళ్లకుంటే ఎంత వచ్చేదో అంతే వాళ్లిద్దరి దగ్గరా తీసుకుంటాను, మిగిలిన 471 రూపాయలు మీరే కట్టుకోవాలి, ఎందుకంటే రెండో మీటరు తీసుకోనిది మీరు అన్నాను. రెండు నెలలు కట్టాక ఆయనే రెండో మీటరుకి అప్లికేషన్ పెట్టమన్నారు. ఇదే కాగితం రెండు వాటాలవాళ్లకీ చూపించాను.

పాత వైరింగు మీద కొత్త ఏసీలు పెట్టడం ఇంకో సంగతి. ఒప్పుకునే ముందు ఎలక్ట్రీషియన్‌తో వైరు మందం, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చు) చూపించండి. ఏసీకి విడిగా లైను లాగడం ఓనరు ఖర్చు, ఏసీ బిగించుకోవడం అద్దెవాళ్ల ఖర్చు అని నేను పెట్టుకున్నాను. ఎవరైనా ఒప్పుకుంటారు.

రిపేరు ఎవరిది, ఎప్పుడు

మోడల్ చట్టంలో దీనికి ఒక పట్టిక ఉంది, దాదాపు మన వాడుకే. గోడలు, స్లాబు, సున్నం, పైపులు మార్చడం, లోపలి వైరింగు ఓనరువి. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు రిపేరు, సింకులో అడ్డుపడితే తీయించుకోవడం ఉండేవాళ్లవి. దీన్ని అగ్రిమెంటు వెనక తెలుగులో రాసి ఇవ్వండి. అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉంటే ఇంట్లో ఉండే ఆడవాళ్లలో చాలామంది దాన్ని చదవరు, రిపేర్ల గురించి మనకి ఫోన్ చేసేదేమో వాళ్లే.

పాడైనందుకు అద్దెవాళ్లకి అంత కోపం రాదు. ‘చూద్దామమ్మా’ అన్నందుకు వస్తుంది. ప్లంబర్ ఎప్పుడొస్తాడో ఆ ప్లంబర్‌నే అడిగి చెప్పండి. రేపు సాయంత్రం అంటే రేపు సాయంత్రం. అతను రాకపోతే, వాళ్లు ఫోన్ చేయకముందే మీరు చేయండి. నీళ్లు, కరెంటు, డ్రైనేజీ ఆ రోజే చూడాలి. తలుపు ఉబ్బిపోయి పడట్లేదంటే వారం ఆగొచ్చు, కానీ ఆ వారం అన్న మాట వాళ్లకి చెప్పాలి.

ఇంట్లోకి వెళ్లేటప్పుడు ఒకరోజు ముందు మెసేజ్ పెట్టండి. మోడల్ చట్టం కూడా ఇరవైనాలుగు గంటల ముందు చెప్పమంటుంది, పొద్దు పొడవకముందు, పొద్దుగూకాక వెళ్లొద్దంటుంది. ‘మన ఇల్లే కదా’ అని మధ్యాహ్నం తలుపు కొట్టే అలవాటు ఓనర్లకి ఉంటుంది, ముఖ్యంగా సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు. వాళ్లకి కూడా నేను ఇదే చెప్తాను. మగ ప్లంబర్‌ని పంపేటప్పుడు ఇంట్లో ఆడవాళ్లు ఒక్కళ్లే ఉంటే నేను వెంట వెళ్తాను.

అద్దె ఆలస్యమైనప్పుడు

జీతం ఏ తేదీన పడుతుందో దిగే రోజే అడగండి. ఏడో తేదీన జీతం వచ్చేవాళ్లని ఒకటో తేదీన అడగడం ఎందుకు? బీసెంట్ రోడ్డు షాపుల్లో పనిచేసేవాళ్లకి ఒక తేదీ, ప్రైవేటు కాలేజీ లెక్చరర్లకి ఒక తేదీ, కొన్ని నెలలు వాళ్లకి అసలు తేదీయే ఉండదు. ఆలస్యమవుతుందని ముందే చెప్పినవాళ్లని గౌరవించండి, ఓనరుకి ఆ మాట అలాగే చేరవేయండి. అడగాల్సి వస్తే ఫోన్లో అడగండి. మెట్ల దగ్గర పదిమందిలో అడగడం, పిల్లాడితో ‘నాన్నని అద్దె పంపించమన్నానని చెప్పు’ అనడం మాత్రం వద్దు. డబ్బు వచ్చాక కూడా ఆ మాట వాళ్లలో ఉండిపోతుంది. ఎన్ని నెలలు బాకీ ఉన్నా నీళ్లు ఆపడం, ఫ్యూజు తీయడం చేయకండి. అది చట్టానికి కూడా విరుద్ధం.

దసరా, ఆషాఢం, ఇంకా చెప్పడానికి ఇబ్బందైనవి

దసరా తొమ్మిది రోజులు బెజవాడలో ప్రతి ఇంటికీ చుట్టాలే. మూలా నక్షత్రం రోజు దుర్గమ్మ దర్శనానికి ఊళ్ల నుంచి వచ్చి అద్దె వాటాలో పదిమంది సర్దుకుంటారు. ఇద్దరికే ఇచ్చాం కదా అని ఆ రోజుల్లో లెక్కపెట్టకండి. మోటారు రోజుకి ఒకసారి ఎక్కువ వేయించండి, ఆ కరెంటు పండగ ఖర్చు అని ఓనరుకి ముందే చెప్పండి. ఎవరి ఇంటికి ఏ రోజు ఎంతమంది వస్తున్నారో బిల్డింగు గ్రూపులో పెట్టమంటే బండ్లు పెట్టుకునే దగ్గర తగువు ఉండదు.

ఖాళీ చేయడానికి నెల ముందు చెప్పాలని రాసుకుంటాం, బాగానే ఉంది. కానీ ఆషాఢంలోనో పుష్యంలోనో ఎవరూ కొత్తింట్లో పాలు పొంగించరు. నెలాఖరుకి వెళ్లాల్సినవాళ్లు ‘శ్రావణం వచ్చాక మంచిరోజు చూసుకుని వెళ్తాం’ అంటే, ఉన్న రోజులకి అద్దె లెక్కగట్టి తీసుకోండి, పూర్తి నెల అడగొద్దు. ఎలాగూ ఆషాఢంలో కొత్తవాళ్లు కూడా దిగరు, ఓనరుకి పోయేదేమీ లేదు.

ఇంకొకటి. అద్దె ఇంట్లో ఎవరైనా పోతే శవాన్ని లోపలికి తేనివ్వని ఓనర్లు ఈ ఊళ్లో ఉన్నారు. ఆసుపత్రి నుంచి తెచ్చి రోడ్డు పక్కన షామియానా కింద పెట్టుకుని ఏడ్చిన కుటుంబాలని చూశాను. నాకది ఘోరం అనిపిస్తుంది. ముసలివాళ్లున్న కుటుంబం దిగుతుంటే, అందరూ బాగున్నప్పుడే ఓనరుని సూటిగా అడుగుతాను: రేపు ఏదైనా జరిగితే ఇంట్లోకి తేనిస్తారా, పెద్దకర్మ దాకా ఉండనిస్తారా? ఇవ్వనంటే ఆ మాట వచ్చినవాళ్లకి చెప్పి వేరే ఇల్లు చూపిస్తాను. ఇస్తానంటే ఆ మాట మీద ఓనర్ని నిలబెడతాను. ఆ రోజు వచ్చినప్పుడు మేనేజరు చేయాల్సినవి చిన్నవే. గేటు తీసి ఉంచడం, ఫ్రీజర్ బాక్సుకి ప్లగ్ పాయింటు చూపించడం, ట్యాంకు నిండుగా ఉంచడం, పైవాళ్లతో బండ్లు బయట పెట్టించడం. అద్దె గురించి ఆ నెల ఎత్తకండి, వాళ్లే ఇస్తారు.

సింగ్‌నగర్ వరద తర్వాత

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల మునిగింది. చాలా వీధుల్లో నీళ్లు వారానికి పైగా నిలిచాయి. నేను చూసే ఇంట్లో కింది వాటావాళ్ల ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. ఓనరు మొదట అడిగింది గోడల సంగతి. నేను వీడియో కాల్ పెట్టి ముందు సామాను చూపించాను, తర్వాత గోడలు చూపించాను. ఆ నెల కింది వాటాకి అద్దె వద్దన్నారు. బురద ఎత్తించే కూలి ఓనరు ఖర్చు, వాళ్ల సామాను కడగడానికి నీళ్ల ట్యాంకరు కూడా. సున్నం వెంటనే వేయించలేదు, తడి ఆరకుండా వేస్తే పొక్కులు లేచిపోతుంది, అందుకని ఆగమని వాళ్లకి కారణం చెప్పి ఆపాను. మీటరు బోర్డు, మోటారు స్టార్టరు మనిషెత్తు పైకి మార్పించాం. బుడమేరు దగ్గర ఇల్లు చూసుకునేవాళ్లెవరైనా వానాకాలం రాకముందే ఈ రెండూ చేయించండి. కింది వాటావాళ్ల గ్యాసు బండ, సర్టిఫికెట్లు, మందులు వాన ముదిరితే పైవాళ్లింట్లో పెట్టుకునేలా రెండు కుటుంబాలకీ ముందే మాట కలపండి.

ఖాళీ చేసే రోజు

అడ్వాన్సు ఆ రోజే ఇచ్చేయాలి. ‘కొత్తవాళ్లు దిగాక ఇస్తాం’ అనే మాట ఊళ్లో బాగా వాడుకలో ఉంది, దానంత చెడ్డపేరు తెచ్చేది ఇంకోటి లేదు. వారం ముందే ఓనరు దగ్గర డబ్బు తెప్పించి పెట్టుకోండి. దిగిన రోజు వీడియో పెట్టుకుని ఇద్దరూ కలిసి గదులు తిరగండి. మేకులు కొట్టిన బొక్కలు, మాసిన గోడలు వాడకంలో వచ్చేవే, పట్టుకోకండి. పగిలిన వాష్‌బేసిన్‌కి మాత్రం షాపు బిల్లు ఎంతో అంతే పట్టుకోండి, బిల్లు వాళ్ల చేతికివ్వండి. కరెంటు బిల్లు తర్వాత నెలలో వస్తుంది కాబట్టి ఆ రోజు రీడింగ్ ఫొటో తీసుకుని పాత బిల్లు చూసి లెక్కగట్టండి, ఎక్కువ తక్కువలు వస్తే ఫోన్‌పేలో సర్దుకోవచ్చు.

డబ్బు చేతిలో పడ్డాక, సామాను లారీ ఎక్కుతుండగా ఒక మాట అడగండి: ఈ ఇంట్లో మీకు దేనితో విసుగొచ్చింది? ఉన్నన్నాళ్లూ మొహమాటపడి చెప్పనివి అప్పుడు చెప్తారు. బాత్రూం వాలు డ్రైన్ వైపు లేదంటారు, వంటింటి కిటికీకి దోమల మెష్ చిరిగిందంటారు, పైనుంచి ఏసీ నీళ్లు బట్టల తీగ మీద పడుతున్నాయంటారు. నేను అవి రాసుకుని ఆ సాయంత్రమే ఓనరుకి పంపిస్తాను. వాటిలో చేయించదగ్గవి చేయించేదాకా టులెట్ బోర్డు కట్టను. చేయించలేనివి కొత్తగా చూడ్డానికి వచ్చినవాళ్లకి చెప్తాను.